అమెరికా ఎవిడెన్స్ రూల్స్ చదవడం ఎలా: ప్రతి సాక్ష్యానికీ ముందు "ఇది దేనికోసం?" అని అడగండి

గుంటూరులోనో విజయవాడలోనో లా చదివి అమెరికాకి ఎల్ఎల్ఎం కి వెళ్దామనుకునే పిల్లలు, అక్కడ బార్ ఎగ్జామ్ రాద్దామనుకునేవాళ్ళు, మిగతా సబ్జెక్టులకి భయపడతారు గానీ ఎవిడెన్స్ దగ్గరకొచ్చేసరికి ధీమాగా ఉంటారు. మన 1872 ఎవిడెన్స్ యాక్ట్ రాసింది ఇంగ్లీషాయనే, అమెరికా వాళ్ళదీ ఆ ఇంగ్లీషు లా నుంచి వచ్చిందే, హియర్సే, డయింగ్ డిక్లరేషన్, లీడింగ్ క్వశ్చన్, పేర్లన్నీ మనం విన్నవే కదా, ఇంకేముంది అనుకుంటారు. ఆ ధీమాతో పరీక్షకి కూర్చుంటే మార్కులు పోయేది ఇక్కడే. పేర్లు ఒకటే, లోపల నడక వేరు, కొన్ని చోట్ల పూర్తిగా ఉల్టా.

ఎందుకు వేరో ముందు పట్టుకోండి, మిగతాదంతా దాన్నుంచే వచ్చిద్ది. మన కోర్టులో ఫ్యాక్ట్ తేల్చేదీ జడ్జి గారే, లా చెప్పేదీ జడ్జి గారే, అందుకే ఒక కాగితం మీద అవతల లాయరు అబ్జెక్షన్ చెప్తే "సబ్జెక్ట్ టు అబ్జెక్షన్" అని రాసి మార్క్ చేసేసి, ఆర్గ్యుమెంట్స్‌లో చూద్దాంలే అనడం మామూలే. అమెరికాలో క్రిమినల్ కేసుల్లోనే కాదు సివిల్‌లో కూడా జ్యూరీ ఉంటుంది, వాళ్ళు లా చదవని మామూలు మనుషులు, ఒకసారి చెవిన పడ్డ మాటని మళ్ళీ వెనక్కి తీస్కోలేం. అందుకని ఏ మాట వాళ్ళ చెవిన పడాలో ముందే తేల్చాలి, ఆ తేల్చే పని జడ్జిది, 104వ రూల్ అదే. లోపలికి వచ్చాక నమ్మాలా వద్దా, ఎంత బరువు ఇవ్వాలా అనేది జ్యూరీ పని. మన మిర్చి యార్డులో గేటు దగ్గర బస్తా లోపలికి వదలడం వేరు, లోపల కాయ చూసి ధర కట్టడం వేరు కదా, అడ్మిసిబిలిటీకీ వెయిట్‌కీ తేడా అంతే. పరీక్షలో "ఈ సాక్షి అబద్ధాలకోరు కాబట్టి ఇన్‌అడ్మిసిబుల్" అని రాస్తే గేటు పనీ ధర పనీ కలిపేసినట్టు.

ఇప్పుడు పుస్తకం సంగతి. ఫెడరల్ రూల్స్ ఆఫ్ ఎవిడెన్స్ 1975లో వచ్చాయి, మొత్తం 11 ఆర్టికల్స్, 2011లో భాష అంతా సులువు చేసి తిరగరాశారు, కాబట్టి రూల్ టెక్స్ట్ చదవడానికి భయపడాల్సిందేం లేదు, మన యాక్ట్ కంటే తేలిగ్గా ఉంటుంది. నెంబర్ల వరసే సగం మ్యాప్. 400లు రెలవెన్స్, 500లు ప్రివిలేజ్ (లాయరుతో అన్న మాటల్లాంటివి బయటపెట్టక్కర్లేని హక్కు), 600లు సాక్షులు, 700లు ఒపీనియన్, 800లు హియర్సే, 900లు కాగితం అసలుదేనా అని తేల్చడం, 1000లు ఒరిజినల్ గొడవ (అసలు కాగితమే తేవాలా, కాపీ సరిపోద్దా అని). గైడ్ కొనే ముందు రూల్ టెక్స్ట్ ప్రింట్ తీస్కోండి, నెట్‌లో ఫ్రీగానే ఉంటుంది, కింద కమిటీ నోట్స్ కూడా ఉంటాయి, హియర్సే దగ్గర ఆ నోట్స్ తప్పకుండా చదవండి. ఇంకోటి, ఇవి ఫెడరల్ కోర్టులకి. చాలా రాష్ట్రాలు వీటినే చూసి రాసుకున్నాయి గానీ కాలిఫోర్నియాకి సొంత ఎవిడెన్స్ కోడ్ ఉంది, న్యూయార్క్‌లో అయితే అసలు కోడే లేదు, కోర్టు తీర్పులూ అక్కడక్కడా స్టాట్యూట్లతోనే నడుస్తుంది. నేర్చుకునేది మాత్రం ఫెడరల్ రూల్స్‌తోనే మొదలెట్టాలి.

ఇక పద్ధతి. ఏ ప్రశ్న వచ్చినా, ఏ ముక్క సాక్ష్యం వచ్చినా, రూల్ నెంబర్ వెతక్కముందే అడగండి: ఇది ఎవరు తెస్తున్నారు, ఎవరి మీద, దేన్ని రుజువు చెయ్యడానికి? ఈ మూడోదే ప్రాణం. అమెరికా ఎవిడెన్స్‌లో చాలా రూల్స్ "ఈ సాక్ష్యం పనికిరాదు" అని చెప్పవు, "ఈ పనికి పనికిరాదు" అని చెప్తాయి. అదే మాట ఒక పనికి రాదు, ఇంకో పనికి వచ్చిద్ది. పిల్లలు రూల్స్ అన్నీ కంఠతా పట్టి కూడా ఎందుకు తప్పుతారంటే ఈ ప్రశ్న అడక్కుండా మాట వినగానే మీద లేబుల్ అంటించేస్తారు.

ఒక కేసు పెట్టుకుందాం, చివరిదాకా దీంతోనే నడుద్దాం. బెంజ్ సర్కిల్ దగ్గర లారీ వచ్చి స్కూటర్‌ని గుద్దింది, స్కూటర్ మీద ఆయనకి కాలు విరిగింది, లారీ ఓనర్ మీద దావా వేశాడు. ఊరు మనదే, కోర్టు మాత్రం అమెరికా ఫెడరల్ కోర్టు అనుకోండి, ఎదురుగా జ్యూరీ కూర్చుని ఉంది.

మొదటి మెట్టు రెలవెన్స్, 401. ఏదైనా ఫ్యాక్ట్‌ని కొంచెమైనా ఎక్కువ నమ్మదగ్గట్టో తక్కువ నమ్మదగ్గట్టో చేస్తే, ఆ ఫ్యాక్ట్ కేసులో పనికొచ్చేదైతే చాలు, రెలవెంటే. గీత చాలా కిందే గీశారు, ఇక్కడ ఎక్కువసేపు ఆగొద్దు. మన యాక్ట్‌లో లాగా ఏ ఫ్యాక్ట్స్ రెలవెంటో ఒక్కోదానికీ ఒక్కో సెక్షన్ పెట్టలేదు, ఒక్క నిర్వచనం ఇచ్చి వదిలేశారు. ఆ తర్వాత 403, ఇది మాత్రం ముఖ్యం. రెలవెంట్ అయినా సరే, అన్యాయమైన ప్రెజుడిస్, జ్యూరీని తికమక పెట్టడం, టైమ్ వేస్ట్, ఇలాంటి ప్రమాదాలు దాని విలువని "సబ్‌స్టాన్షియల్లీ", అంటే బాగా ఎక్కువగా, మించితే జడ్జి ఆపెయ్యొచ్చు. ఆ ఒక్క మాట వదిలేస్తే రూల్ తలకిందులు అవుద్ది, సమానంగా ఉంటే లోపలికి రానివ్వాల్సిందే, తూకం రానిచ్చే వైపే మొగ్గి ఉంటుంది. 1997 నాటి ఓల్డ్ చీఫ్ కేసు చదవండి. పాత నేరంలో శిక్ష పడ్డవాడు తుపాకీ దగ్గర పెట్టుకున్నాడని కేసు, నాకు పాత శిక్ష ఉంది అని నేనే ఒప్పుకుంటా, అదేం నేరమో జ్యూరీకి చెప్పొద్దు అన్నాడు ముద్దాయి, అయినా ప్రాసిక్యూషన్ ఆ నేరం పేరుతో సహా చెప్పింది. సుప్రీంకోర్టు అది తప్పంది, ఎందుకంటే అక్కడ కావాల్సింది శిక్ష పడిందనే హోదా మాత్రమే, నేరం పేరు వింటే జ్యూరీ ఇంకో దారిలో ఆలోచించుద్ది.

మన లారీ కేసులో రెండో మెట్టు, ఈ పనికి పనికిరావు అని పాలసీ కోసం ఆపేసినవి. యాక్సిడెంట్ తర్వాత వారానికి ఓనర్ బ్రేకులు కొత్తవి వేయించాడు. తప్పు ఉంది కాబట్టే వేయించాడు అని చెప్పడానికి పనికిరాదు, 407. కానీ ఓనర్ "ఆ లారీ నా చేతిలో లేదు, లీజుకిచ్చా" అంటే, నీ చేతిలో లేకపోతే బ్రేకులు ఎందుకు వేయించావు అని కంట్రోల్ రుజువు చెయ్యడానికి అదే బిల్లు లోపలికి వచ్చిద్ది. ఇన్సూరెన్స్ సంగతి ఇంకా తేడా. మన ఎంఏసీటీ (మోటార్ యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్) పిటిషన్లలో ఇన్సూరెన్స్ కంపెనీనే రెస్పాండెంట్‌గా పెట్టి పాలసీ కాపీ మార్క్ చేస్తాం, అది లేకుండా కేసే ఊహించలేం. అక్కడ ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి అజాగ్రత్తగా నడిపాడు అని చెప్పడానికి 411 ఒప్పుకోదు, మన పిల్లలు ఈ అలవాటుతో జవాబు రాసేస్తారు, జాగ్రత్త.

అదే వరసలో హాస్పిటల్ బిల్లు. ఓనర్ హాస్పిటల్‌కి వచ్చి "తప్పు మా డ్రైవర్‌దే అండి, బిల్లు నేను కడతా" అన్నాడు. ఈ ఒక్క వాక్యాన్ని విడగొట్టాలి. బిల్లు కడతా అన్న ముక్క 409 కింద పోద్ది, తప్పు మాదే అన్న ముక్క మాత్రం 409 ఆపదు, అది వచ్చేసిద్ది. కానీ అప్పటికే గొడవ మొదలై, నీదే తప్పు, కాదు నీదే అనుకుంటూ రాజీ మాటల్లో భాగంగా అన్నాడనుకోండి, అప్పుడు 408, రాజీ మాటల్లో అన్నదంతా, తప్పు ఒప్పుకున్న ముక్కతో సహా, ఆ క్లెయిమ్ నిజమా అబద్ధమా అని తేల్చడానికి పనికిరాదు. కాబట్టి ప్రశ్నలో ఆ మాట అన్నప్పుడు వివాదం పుట్టిందా లేదా అని చూడాలి, జవాబు మొత్తం దాని మీద తిరుగుద్ది.

డ్రైవర్ పాత యాక్సిడెంట్లు? వీడు ఎప్పుడూ ఇంతే, కాబట్టి ఆ రోజూ ఇంతే అని చెప్పడానికి 404 ఒప్పుకోదు, సివిల్‌లో కూడా. కానీ ఓనర్‌కి ఆ యాక్సిడెంట్ల సంగతి తెలిసీ పనిలో పెట్టుకున్నాడు అని వేరే క్లెయిమ్ ఉంటే, ఓనర్‌కి తెలుసు అని చూపించడానికి రావొచ్చు, ఎందుకంటే పని మారింది. క్రిమినల్ కేసుల్లో మోటివ్, ఇంటెంట్, ప్లాన్, ఐడెంటిటీ, పొరపాటు కాదు అని చూపించడం, ఇలాంటి పనులకి 404(బి) తలుపు తెరిచి పెట్టింది, ప్రాసిక్యూషన్ ముందే నోటీస్ ఇవ్వాలి. అలవాటు వేరు, 406. రోజూ అదే సిగ్నల్ దగ్గర అదే టైముకి ఆగకుండా పోయే మనిషి అంటే అది క్యారెక్టర్ కాదు, హ్యాబిట్, అది లోపలికి వచ్చిద్ది.

ఇప్పుడు హియర్సే. దీనికి టైమ్ పెట్టండి, మిగతా వాటికి తగ్గించి అయినా. నిర్వచనం 801లో ఉంది, కోర్టు బయట అన్న మాట, ఆ మాటలో చెప్పిన సంగతి నిజం అని రుజువు చెయ్యడానికి తెస్తే హియర్సే. నిజం అని చెప్పడానికి కాకుండా ఇంకెందుకైనా తెస్తే హియర్సేనే కాదు, ఇక ఎక్సెప్షన్ వెతకాల్సిన పనే లేదు. లారీ మెకానిక్ యాక్సిడెంట్‌కి ముందు రోజు ఆటోనగర్ షెడ్డులో ఓనర్‌తో "బ్రేకులు అయిపోయినై, బండి తియ్యొద్దు" అన్నాడు, పక్కన టీ తాగుతున్న కుర్రాడు విన్నాడు, ఆ కుర్రాడు బోనెక్కాడు. బ్రేకులు నిజంగా పోయినై అని చెప్పడానికైతే హియర్సే. బ్రేకుల గురించి ఓనర్‌కి ముందే చెప్పారు, అయినా బండి తీశాడు అని చెప్పడానికైతే హియర్సే కాదు, ఆ మాట ఓనర్ చెవిన పడింది అన్నదే మనకి కావాల్సింది, మెకానిక్ చెప్పింది నిజమో కాదో ఆ పనికి అక్కర్లేదు. అవతల లాయరు ఏం చెయ్యాలి? 105 కింద జడ్జిని అడగాలి, ఈ మాటని నోటీస్ వరకే, అంటే ఓనర్‌కి ముందే చెప్పారు అన్నంత వరకే వాడండి అని జ్యూరీకి చెప్పమని. అడక్కపోతే ఆ అవకాశం పోయినట్టే.

తర్వాత యాక్సిడెంట్ అయిన నిమిషంలో రోడ్డు మీద అన్న మాటలు. పూల కొట్టు ఆవిడ "అమ్మో లారీ సిగ్నల్ చూడకుండా వచ్చేసింది" అని కేక వేసింది, ఆవిడ ఇప్పుడు కోర్టుకి రాలేదు. నిజం అని చెప్పడానికే తెస్తున్నాం, హియర్సేనే, కానీ 803(2), ఉలిక్కిపడ్డ క్షణంలో అన్న మాట, ఎక్సైటెడ్ అటరెన్స్ అంటారు, వచ్చేసిద్ది. ఇక్కడ ఆవిడ దొరుకుతుందా దొరకదా అన్నది అసలు లెక్కలోకే రాదు, 803 లిస్టు మొత్తం అంతే. మనిషి దొరక్కపోతేనే పనిచేసేవి 804లో ఉంటాయి. ఈ రెండు లిస్టులూ కలిపేస్తే ప్రశ్నలన్నీ పోతాయి, వేరువేరు పేజీల్లో రాసుకోండి.

డ్రైవర్ దిగి "సారీ అన్నా, కునుకు పట్టేసింది" అన్నాడు. పిల్లలు వెంటనే స్టేట్‌మెంట్ అగైన్‌స్ట్ ఇంట్రెస్ట్ (తనకే నష్టం తెచ్చే మాట) అని రాస్తారు. కాదు. డ్రైవర్ కూడా పార్టీ అయితే అతని మాట అతని మీదే తెస్తున్నాం, 801(డి)(2), అపోజింగ్ పార్టీ స్టేట్‌మెంట్, ఇది ఎక్సెప్షన్ కూడా కాదు, ఆ రూల్ ప్రకారం హియర్సేనే కాదు. అన్నప్పుడు తనకి నష్టం అని తెలిసి అన్నాడా, మామూలుగా అన్నాడా అక్కర్లేదు, అతను దొరికాడా లేదా అక్కర్లేదు. ఓనర్ మీద కూడా అదే మాట వాడొచ్చు, ఎందుకంటే ఉద్యోగంలో ఉండగా, తన పనికి సంబంధించిన సంగతి అన్నాడు. అగైన్‌స్ట్ ఇంట్రెస్ట్ అనేది 804(బి)(3), అది పార్టీ కాని బయటి మనిషి గురించి వచ్చే అవసరం, ఆ మనిషి దొరకకూడదు, అన్నప్పుడే తనకి పెద్ద నష్టం అని తెలిసేలాంటి మాట అయ్యుండాలి. అలాగే తిరగేసి చూడండి, డ్రైవర్ తన మాటనే తనకి అనుకూలంగా తెచ్చుకుంటే 801(డి)(2) పనిచెయ్యదు, ఎదుటి పక్షం తెస్తేనే.

ఇదే దారిలో మనవాళ్ళకి బాగా షాక్ కొట్టే సంగతి, పోలీసు దగ్గర ఒప్పుకోలు. మన దగ్గర పోలీసుకి చేసిన కన్ఫెషన్ ముద్దాయి మీద పనికిరాదు, పాత 1872 యాక్ట్‌లో సెక్షన్ 25, ఇప్పుడు దాని బదులు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 23, ఇది మనకి రక్తంలో ఉంటుంది. అమెరికాలో పోలీసుకి చెప్పినా ముద్దాయి మాటే కదా, 801(డి)(2) కింద వచ్చేసిద్ది. దాన్ని ఆపేది ఎవిడెన్స్ రూల్ కాదు, రాజ్యాంగం, 1966 మిరాండా హెచ్చరికలు ఇచ్చారా, బలవంతం లేకుండా చెప్పాడా అన్న ప్రశ్నలు. కాబట్టి జవాబులో ముందు హియర్సే గడప దాటించి, ఆ తర్వాత మిరాండా రాయాలి.

డయింగ్ డిక్లరేషన్ దగ్గర కొంచెం కూర్చోవాలి, ఎందుకంటే దీనికి మన జిల్లాల కేసే పక్కన పెట్టుకుని చదివితే ఒకేసారి నాలుగు రూల్స్ వచ్చేస్తాయి. పాకాల నారాయణస్వామి కేసు, 1939 ప్రివీ కౌన్సిల్, మన సిలబస్‌లో అందరూ చదివిందే. 1937లో పిఠాపురం మనిషి ఒకాయన, బరంపురం రమ్మని ఫలానా ఆవిడ (తర్వాత ముద్దాయి అయినాయన భార్య) ఉత్తరం రాసింది, రావాల్సిన డబ్బులు ఇస్తారట, వెళ్తున్నా అని భార్యకి చెప్పి బయల్దేరాడు, తర్వాత పూరీ స్టేషన్లో రైల్లో ఒక ట్రంకు పెట్టెలో శవం దొరికింది. చనిపోయినాయన భార్య చెప్పిన ఆ మాట ప్రివీ కౌన్సిల్ ఒప్పుకుంది, పాత 32(1) కింద, చావుకి దారితీసిన పరిస్థితుల్లో భాగం అని. మన లాలో చెప్పేటప్పుడు చావు భయం ఉండాల్సిన అవసరం లేదు, ఇప్పటి 26లో కూడా అదే.

ఇదే మాటని అమెరికా కోర్టులో పెట్టండి. 804(బి)(2) చూస్తే, చావు దగ్గర పడింది అని నమ్ముతూ అనాలి, ఆయన హాయిగా డబ్బులు తెచ్చుకుందామని బయల్దేరాడు, కాబట్టి డయింగ్ డిక్లరేషన్‌గా రాదు. అంతటితో జవాబు ఆపేసేవాళ్ళే ఎక్కువ. ఆగొద్దు. 803(3) చూడండి, అప్పుడు మనసులో ఉన్న ఉద్దేశం. నేను బరంపురం వెళ్తున్నా అన్నది ఆయన ప్లాన్, అది వచ్చిద్ది, వెళ్ళాడు అని రుజువు చెయ్యడానికే వాడొచ్చు, దానికి మూలం 1892 నాటి హిల్‌మన్ కేసు, కాన్సాస్‌లో ఇన్సూరెన్స్ గొడవ, చనిపోయింది ఎవరు అన్న దాని మీద, ఒకతను హిల్‌మన్‌తో కలిసి వెళ్తున్నా అని రాసిన ఉత్తరాలు ఒప్పుకున్నారు. మరి "ఆవిడ ఉత్తరం రాసింది" అన్న ముక్క? అది జరిగిపోయిన సంగతి, జ్ఞాపకం, 803(3) జ్ఞాపకాన్ని ఒప్పుకోదు, ఆ ముక్క కత్తిరించాలి. ఆవిడే పిలిచింది అని చెప్పే ఆ ముక్కే కదా ప్రాసిక్యూషన్‌కి బంగారం, అదే ఆగిపోద్ది. ఒక్క వాక్యంలో సగం లోపలికి సగం బయటకి, ఎవిడెన్స్ అంటే ఇదే పని. ఇక రాజ్యాంగం వైపు, భార్యతో ఇంట్లో అన్న మాట కాబట్టి కోర్టు కోసం చేసిన సాక్ష్యం లాంటిది కాదు, కన్‌ఫ్రంటేషన్ (సాక్షిని ఎదురుగా నిలబెట్టి అడిగే హక్కు, కింద చెప్తా) గొడవ రాదు. ఆయన సాక్ష్యం చెప్పకుండా చెయ్యాలనే ముద్దాయి చంపాడు అని చూపిస్తే 804(బి)(6) ఉంది, కానీ 2008 జైల్స్ కేసు తర్వాత ఆ ఉద్దేశం ఉండాల్సిందే, ఊరికే చంపాడు అంటే చాలదు. ఇంకో తేడా కూడా రాసుకోండి, అమెరికా డయింగ్ డిక్లరేషన్ క్రిమినల్‌లో అయితే హోమిసైడ్ (మనిషిని చంపిన) కేసులోనే, లేకపోతే సివిల్ కేసులో, దొంగతనం కేసులో పనికిరాదు. పైగా అన్న మనిషి చచ్చిపోవాల్సిన పని కూడా లేదు, దొరక్కపోతే చాలు.

క్రిమినల్ కేసు అని కనపడగానే క్రాఫర్డ్ కేసు గుర్తు రావాలి, 2004. ఆరో సవరణ ప్రకారం ముద్దాయికి తన మీద సాక్ష్యం చెప్పేవాణ్ణి ఎదురుగా నిలబెట్టి అడిగే హక్కు ఉంది, కాబట్టి టెస్టిమోనియల్ (కోర్టు కోసం చేసిన సాక్ష్యం లాంటి) మాట అయితే, అన్న మనిషి దొరక్కుండా, ముందెప్పుడూ క్రాస్ (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం) చేసే ఛాన్స్ కూడా ఇచ్చి ఉండకపోతే, హియర్సే ఎక్సెప్షన్ ఉన్నా కూడా ముద్దాయి మీద పనికిరాదు. పోలీసులు తర్వాత కూర్చోబెట్టి రికార్డు చేసిన స్టేట్‌మెంట్ అయితే టెస్టిమోనియల్, ప్రమాదం నడుస్తుండగా సాయం కోసం ఎమర్జెన్సీ నెంబర్‌కి చేసిన ఫోన్ కాల్ అయితే కాదు, 2006 డేవిస్ కేసు ఆ గీత గీసింది. మన లారీ దావా లాంటి సివిల్ కేసులో ఈ గొడవే రాదు.

ఇప్పుడు కాగితాలు, ఫోన్లు. జిరాక్స్ అనగానే మనకి సెకండరీ ఎవిడెన్స్ పిటిషన్ గుర్తొస్తుంది, ఒరిజినల్ ఏమైందో చెప్పాలి, నోటీసు ఇచ్చామని చూపించాలి. అక్కడ 1003, డూప్లికేట్ ఒరిజినల్ లాగే చెల్లుద్ది, అసలుదేనా అని నిజమైన అనుమానం లేపితేనో, అన్యాయం అవుద్ది అంటేనో తప్ప. మన భారతీయ సాక్ష్య అధినియం 63లో అడిగే సర్టిఫికెట్ లాంటిది ఎలక్ట్రానిక్ రికార్డుకి అక్కడ తప్పనిసరి కాదు, ఉంటే 902 కింద సాక్షిని పిలిచే పని తప్పుద్ది అంతే. వాట్సాప్ స్క్రీన్‌షాట్ ఉంది, యాక్సిడెంట్ సాయంత్రం ఓనర్ "బ్రేకులు చేయించాల్సింది, నా బద్ధకం" అని ఎవరికో పెట్టాడు, ఆ ఎవరో సాక్షి. అడిగే తీరు ఇలా ఉండాలి, బోర్డు మీద రాసుకుని నోటితో ప్రాక్టీస్ చెయ్యండి:

"ఈ కాగితం చూడండి, ఇదేంటో గుర్తుపట్టారా?" "నా ఫోన్లో వచ్చిన మెసేజ్ ఫోటో అండి." "ఎవరి నుంచి?" "ఫలానా ఓనర్ గారి నుంచి." "ఆయనేనని ఎలా తెలుసు?" "మూడేళ్ళుగా ఆ నెంబర్‌తోనే మాట్లాడతా, ఆ సాయంత్రం యాక్సిడెంట్ సంగతి కూడా ఆ చాట్‌లోనే రాశారు, మర్నాడు అదే నెంబర్ నుంచి ఫోన్ చేశారు." "మీకు వచ్చింది వచ్చినట్టే ఉందా ఇది?" "ఉందండి."

ఇంతే, 901కి ఇది చాలు. జడ్జి చూసేది ఇది ఆయనదేనని జ్యూరీ నమ్మడానికి సరిపడా ఆధారం ఉందా అనే, ఆయన రాయలేదు అని అవతల వాదించుకోవచ్చు, అది జ్యూరీ ముందు. కానీ ఇక్కడే ఆగితే సగమే చేసినట్టు, ఆథెంటికేషన్ అయ్యాక హియర్సే చూడాలి, ఓనర్ మాట ఓనర్ మీదే కాబట్టి 801(డి)(2), ఆ తర్వాత ఒరిజినల్ గొడవ, అది 1003తో పోద్ది, చివరికి 403. ఏ కాగితానికైనా ఈ వరస తప్పొద్దు.

వ్యాపార రికార్డులకి 803(6). గుంటూరులో కోల్డ్ స్టోరేజీ లెడ్జర్ అనుకోండి, ఏ తారీఖున ఎన్ని బస్తాలు దిగినై అని. తెలిసిన మనిషి, జరిగిన టైముకి దగ్గర్లోనే, రోజువారీ పనిలో భాగంగా, ఎప్పుడూ అలాగే రాసే పద్ధతిలో రాశాడా, ఇవి గుమాస్తా కాకపోయినా ఆ పద్ధతి తెలిసిన ఎవరు చెప్పినా సరిపోద్ది. ఆ లెడ్జర్లో ఎవరో బయటి లారీవాడు చెప్పిన మాట కూడా రాసి ఉంటే అది హియర్సే లోపల హియర్సే, 805, రెండు పొరలకీ వేరువేరుగా దారి చూపించాలి. పోలీసు యాక్సిడెంట్ రిపోర్టు కూడా అంతే. మన ఎంఏసీటీలో ఎఫ్ఐఆర్, ఛార్జిషీటు మార్క్ చేసి దాని మీదే నడిపించేస్తాం, అక్కడ ఆ రిపోర్టులో పూల కొట్టు ఆవిడ మాటకి వేరే ఎక్సెప్షన్ దొరికితేనే ఆ వాక్యం నిలబడుద్ది.

ఎక్స్‌పర్ట్ విషయం త్వరగా. 702, 1993 డాబర్ట్ కేసు, పద్ధతి నమ్మదగిందా అని జడ్జే కాపలా. 2023 డిసెంబర్‌లో రూల్ మార్చి, నమ్మదగిందేనన్నది ఎక్కువ పాళ్ళు నిజం అని తెచ్చే పక్షమే చూపించాలి అని గట్టిగా రాశారు. పాత నోట్స్ చదివితే ఇది ఉండదు, నోట్స్ ఏ సంవత్సరానివో చూస్కోండి. ప్రివిలేజ్ ఫెడరల్ రూల్స్‌లో ఒక లిస్టుగా లేదు, 501 కోర్టు తీర్పులకి వదిలేసింది, లాయరు, భార్యాభర్తలు, 1996 నుంచి సైకోథెరపిస్ట్, ఈ మూడూ బాగా చదివితే చాలు.

సాక్షిని అడగడం దగ్గర మన అలవాటు అడ్డం పడుద్ది. మన సివిల్ కేసుల్లో చీఫ్ (సొంత సాక్షిని మనమే అడగడం) బదులు అఫిడవిట్ వేసేసి నేరుగా క్రాస్‌కి వెళ్తాం, చీఫ్‌లో నోటితో అడిగే పని తగ్గిపోయింది. అక్కడ చీఫ్ అంతా జ్యూరీ ముందు నోటితోనే, లీడింగ్ (జవాబు ప్రశ్నలోనే పెట్టి అడగడం) అడక్కూడదు, ఏమైంది, ఎక్కడున్నారు, తర్వాత, ఇలా పోవాలి. క్రాస్‌లో లీడింగే. మన దగ్గర సొంత సాక్షి ఎదురు తిరిగితే హోస్టైల్ అని కోర్టుని అడిగి పర్మిషన్ తీస్కుంటాం, అక్కడ 607 ప్రకారం ఎవరి సాక్షినైనా ఎవరైనా ఇంపీచ్ చెయ్యొచ్చు, అంటే నమ్మదగ్గవాడు కాదని చూపించొచ్చు. ముందు చెప్పిన దానికి తేడాగా చెప్తే ఆ పాత మాటతో నమ్మకం తగ్గించొచ్చు, కానీ ఆ పాత మాటే నిజం అని రుజువుగా వాడాలంటే అది ట్రయల్లోనో డిపాజిషన్లోనో (ట్రయల్‌కి ముందు కోర్టు బయట తీసుకునే వాంగ్మూలం) ఇంకో ప్రొసీడింగ్‌లోనో ప్రమాణం చేసి చెప్పింది అయ్యుండాలి, 801(డి)(1). మళ్ళీ అదే ప్రశ్న, దేనికోసం.

అబ్జెక్షన్ చెప్పడం వేరే విద్య, 103. వెంటనే చెప్పాలి, కారణం చెప్పాలి, "అబ్జెక్షన్, హియర్సే" లాగా. జవాబు వచ్చాక లేస్తే ఆలస్యం, కారణం తప్పు చెప్తే సరైన కారణాన్ని అప్పీల్లో ఎత్తడం దాదాపు కుదరదు. మన వైపు సాక్ష్యాన్ని ఆపితే ఊరుకోకూడదు, జ్యూరీ వినకుండా ఆ సాక్షి ఏం చెప్పేవాడో రికార్డులోకి ఎక్కించాలి, ఆఫర్ ఆఫ్ ప్రూఫ్ అంటారు, అది లేకపోతే అప్పీల్ కోర్టుకి చూడ్డానికి ఏమీ ఉండదు. ప్రాక్టీస్‌కి పేపర్లో జిల్లా ఎడిషన్ తియ్యండి, ఒక యాక్సిడెంట్ వార్తో దొంగతనం వార్తో పట్టుకోండి, ఇద్దరు కూర్చోండి, ఒకరు ఒక్కో వాక్యాన్ని సాక్షి చెప్తున్నట్టు చదవాలి, రెండోవాళ్ళు వెంటనే అబ్జెక్షన్ కారణంతో సహా చెప్పాలి, అప్పుడు మొదటివాళ్ళు ఇది ఫలానా పనికి తెస్తున్నా అని జవాబివ్వాలి. "స్థానికులు తెలిపారు", "పోలీసులు అనుమానిస్తున్నారు", "గతంలోనూ ఇతనిపై కేసులున్నాయి", ఒక్క వార్తలో హియర్సే, పర్సనల్ నాలెడ్జ్ లేకపోవడం, క్యారెక్టర్, మూడూ వచ్చేస్తాయి. రోజూ ఒక వార్త చేస్తే పరీక్ష నాటికి చెయ్యి తిరిగిద్ది.

పరీక్ష సంగతికొస్తే ఎంబీఈలో (బార్ ఎగ్జామ్‌లో మల్టిపుల్ ఛాయిస్ భాగం) 200 ప్రశ్నలు ఆరు గంటల్లో, ఎవిడెన్స్ నుంచి మార్కులకి లెక్కేసేవి 25. 2026 జులై నుంచి కొన్ని రాష్ట్రాలు నెక్స్ట్‌జెన్ అనే కొత్త పరీక్షకి మారుతున్నాయి, అందులోనూ ఎవిడెన్స్ ఉంది, కాబట్టి మీరు రాసే రాష్ట్రం ఏ పరీక్ష పెడుతుందో ముందే చూస్కోండి. ఎంబీఈలో నాలుగు ఆప్షన్లు చాలాసార్లు రెండు అడ్మిసిబుల్, రెండు ఇన్‌అడ్మిసిబుల్ అని ఉంటాయి, "ఎందుకంటే" తర్వాత రాసిన కారణం దగ్గరే తేడా. ఆప్షన్లు చూడకముందే ప్రశ్నలో ఎవరు తెస్తున్నారు, దేనికి అనేది గీత కొట్టండి, మీ జవాబు, కారణం మనసులో అనుకోండి, అప్పుడు ఆప్షన్లు చూడండి. జవాబు ఒప్పయి కారణం తప్పున్న ఆప్షన్ ఒకటి చాలాసార్లు పక్కనే ఉంటుంది, "డిక్లరెంట్ (మాట అన్న మనిషి) దొరకలేదు కాబట్టి ఎక్సైటెడ్ అటరెన్స్‌గా అడ్మిసిబుల్" లాంటిది, అది చదవగానే 803కీ 804కీ తేడా గుర్తొచ్చి కొట్టెయ్యాలి. వ్యాసం రాసే ప్రశ్న అయితే ఒక్కో సాక్ష్యానికీ ఒక్కో పేరా పెట్టి, మొదటి వాక్యంలోనే దీన్ని ఫలానా దాన్ని రుజువు చెయ్యడానికి తెస్తున్నారు అని రాసి, ఆ తర్వాత రెలవెన్స్, పాలసీ రూల్స్, కాగితమైతే ఆథెంటికేషన్, హియర్సే, క్రిమినల్ అయితే కన్‌ఫ్రంటేషన్, చివర 403, ఈ వరసలో దిగండి, వర్తించనిదాన్ని ఒక్క మాటతో దాటేసి, వర్తించేదాని మీద నాలుగు వాక్యాలు పెట్టండి.